వెనెసా కార్ల్‌టన్‌ది ఒక్క పాట కథేనా?

నల్లమెట్టు:

పక్క చర్చలో ఒకరు “ఒక్క హిట్‌తో వచ్చి కనపడకుండా పోయినవాళ్లు” అని జాబితా వేస్తూ అమెరికన్ పాప్ గాయని వెనెసా కార్ల్‌టన్ పేరు అందరికంటే పైన పెట్టారు. ‘ఎ థౌజండ్ మైల్స్’ తప్ప ఆవిడ చేసిందేమీ లేదని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. అక్కడే జవాబు రాస్తే మిగతా పేర్ల మధ్య కొట్టుకుపోతుందని విడిగా పెడుతున్నాను.

2002లో వచ్చిన ఆ పాట పెద్ద హిట్, అందులో గొడవేమీ లేదు. అమెరికాలో హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 5వ స్థానం దాకా వెళ్లింది, ఆస్ట్రేలియాలో 1వ స్థానం. కానీ పాట కట్టే మనిషిగా ఆవిడ ఎదిగింది ఆ తర్వాతే అంటాను. 2004లో ‘హార్మోనియం’, 2011లో ‘రాబిట్స్ ఆన్ ద రన్’, 2015లో ‘లిబర్‌మన్’ వచ్చాయి. ఈ మూడూ విని మొదటి ఆల్బమ్ దగ్గరికి తిరిగొస్తే అది ఇంకా చేయి తిరగని రోజుల పనిలా ఉంటుంది. పియానో ముందు కూర్చుని పాప్ పాట అల్లేవాళ్లలో, చేసిన పనికీ దక్కిన పేరుకీ ఇంత తేడా ఉన్న మనిషి ఈ పాతికేళ్లలో నాకు ఇంకొకరు కనిపించలేదు.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. 1980లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మిల్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. అమ్మ పియానో టీచర్, నాన్న పైలట్. పద్నాలుగేళ్లకి న్యూయార్క్‌లోని స్కూల్ ఆఫ్ అమెరికన్ బాలేలో చేరింది. ఆ బడి ఉండేది లింకన్ సెంటర్‌లో, పక్కనే సంగీతం, నాటకం నేర్పే జులియార్డ్. అక్కడ చదివే ఒకబ్బాయి మీద ఇష్టమే ‘ఎ థౌజండ్ మైల్స్’కి మూలం. బాలే వదిలేసి పాటల వైపు వచ్చింది. కొలంబియా యూనివర్సిటీలో కొన్నాళ్లు చదివి మానేసింది. రెస్టారెంట్‌లో వెయిట్రెస్‌గా చేస్తూ గ్రెనిచ్ విలేజ్ క్లబ్బుల్లో పాడుకుంది. పాట మొదట్లో వచ్చే, అందరికీ తెలిసిన ఆ పియానో బిట్ 1998 వేసవిలో అమ్మానాన్నల ఇంట్లో పుట్టింది. బిట్ అయితే దొరికింది కానీ పాట ముందుకు కదల్లేదు, నెలల తరబడి అలాగే ఆగిపోయింది. మొదట పెట్టుకున్న పేరు ‘ఇంటర్‌లూడ్’. పేరు మార్పించింది నిర్మాత రాన్ ఫెయిర్.

మీరేమంటారో చెప్పండి. కాదనేవాళ్లు కనీసం ‘హార్మోనియం’లోని ‘వైట్ హౌసెస్’ ఒక్కటి విని మరీ కాదనండి.

తీరం:

నల్లమెట్టు గారూ, ఆ జాబితా నాదే. కాబట్టి జవాబు చెప్పాల్సిందీ నేనే.

ముందు లెక్కలు చూద్దాం. మొదటి ఆల్బమ్ ‘బి నాట్ నోబడీ’ 2002 ఏప్రిల్ ఆఖర్లో వచ్చి, ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లో 5వ స్థానంలో మొదలైంది, ప్లాటినం (పది లక్షల కాపీలు) అయింది. రెండోది ‘హార్మోనియం’ 33 దగ్గర ఆగింది. మీరు వినమన్న ‘వైట్ హౌసెస్’ హాట్ 100లో 86 దాటి పైకి రాలేదు. మూడో ఆల్బమ్ ‘హీరోస్ అండ్ థీవ్స్’ 44. ఇక్కడ జనం ఆమెని వినకుండా వదిలేశారనడం కుదరదు. రెండో ఆల్బమ్ కూడా అదే పెద్ద కంపెనీ, ఏ అండ్ ఎం, నుంచే వచ్చింది. రేడియోవాళ్లకి పేరు తెలుసు, పత్రికలకి ముఖం తెలుసు. ఇచ్చారు, విన్నారు, ముందుకి వెళ్లిపోయారు.

రెండోది గొంతు. మొదటి పాటలో ఆ సన్నటి గొంతు, ముక్కులోంచి కాస్త సాగదీసే పలుకు బాగానే నప్పాయి, ఎందుకంటే పాటంతా పరుగే. నెమ్మది పాటకి వచ్చేసరికి అదే గొంతు బరువు మోయలేదు.

పియానో గాయనులంటే కరోల్ కింగ్, టోరీ ఏమస్, ఫియోనా ఆపిల్, రెజీనా స్పెక్టర్ పేర్లు చెప్పుకుంటాం. నాలుగు స్వరాలు వినగానే ఎవరో పట్టేస్తాం. కార్ల్‌టన్ విషయంలో మనం పట్టేది మనిషిని కాదు, ఆ ఒక్క బిట్‌ని. అందుకే జాబితాలో పెట్టాను.

రేడియో రోజులు:

లెక్కల దగ్గరే ఒక మాట. ‘ఆర్డినరీ డే’ కూడా టాప్ 40లోకి వచ్చింది, 30వ స్థానం. కచ్చితంగా చూస్తే ‘ఒక్క హిట్’ అనే మాటే నిలవదు.

ఇంకోటి గుర్తు చేయాలి. 2003 ఫిబ్రవరి గ్రామీ అవార్డుల్లో ‘ఎ థౌజండ్ మైల్స్’ మూడు విభాగాల్లో పోటీలో ఉంది: రికార్డ్ ఆఫ్ ది ఇయర్, సాంగ్ ఆఫ్ ది ఇయర్, గాత్రంతో కలిసిన వాద్య అమరిక. మూడోది రాన్ ఫెయిర్ చేసిన స్ట్రింగ్స్‌కి, అంటే వయొలిన్ల బృందం వాయించిన భాగానికి. మొదటి రెండూ నోరా జోన్స్ పాడిన ‘డోన్ట్ నో వై’ ఎత్తుకెళ్లింది. ఆ ఏడాది మన పేపర్లలో నోరా జోన్స్ వార్తలు పెద్ద పెద్ద ఫొటోలతో వచ్చాయి, రవిశంకర్ కూతురు కాబట్టి. అదే పోటీలో పియానో వాయిస్తూ పాడే ఇంకో అమ్మాయి, దాదాపు అదే వయసులో, ఉందన్న సంగతి మన దగ్గర చాలామందికి తెలియనే తెలియదు. నోరా జోన్స్‌కి అన్నీ దక్కాలి, గొప్ప ఆల్బమ్ ఆవిడది. కానీ ఆ ఏడాది నెమ్మది, పెద్దరికం అన్నీ ఆవిడ పక్షాన చేరాయి, కార్ల్‌టన్ ‘టీనేజ్ పాటల అమ్మాయి’గా మిగిలిపోయింది. మిషెల్ బ్రాంచ్, ఎవ్రిల్ లవీన్‌లతో కలిపి ఒకే గంపలో వేసేశారు. వాళ్లిద్దరిదీ గిటారు పద్ధతి, ఈమెది పూర్తిగా వేరు.

కీబోర్డ్ మాస్టారు:

తీరం గారు “మనిషిని కాదు, బిట్‌ని గుర్తుపడతాం” అన్నారు. ఆ బిట్ మీద నాలుగు మాటలు చెప్పే అర్హత నాకుంది. విజయవాడలో పిల్లలకి కీబోర్డ్ నేర్పుతాను. ఇది నేర్పమని అడిగే పిల్లలు ఇప్పటికీ వస్తూనే ఉంటారు. చాలామందికి పాట ఎవరిదో తెలీదు, ఏదో వీడియోలో వినుంటారు.

పాట బి మేజర్‌లో ఉంటుంది. మన లెక్కలో ఏడు శ్రుతి. అయిదు నల్ల మెట్లు పడే స్కేలు. చూడగానే పిల్లలు భయపడి, శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి, సి మేజర్‌లో తెల్ల మెట్ల మీద వాయించేస్తారు. చెవికి అదే వినిపిస్తుంది కానీ చేయి ఇరుక్కుపోతుంది, స్పీడు అందదు. బటన్ తీసేసి అసలు స్కేలులో పట్టిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. పొడుగు వేళ్లు నల్ల మెట్ల మీద హాయిగా కూర్చుంటాయి, పొట్టి బొటనవేలు తెల్ల మెట్టు మీద పడుతుంది. చెయ్యి ఆకారానికే ఈ స్కేలు సరిపోతుంది. పియానో విద్వాంసుడు షోపాన్ కూడా శిష్యులకి సి మేజర్ కంటే ముందు బి మేజర్ నేర్పేవాడు, కారణం ఇదే. కార్ల్‌టన్ ఆ బిట్‌ని కాగితం మీద లెక్కవేసి రాసింది కాదు, మెట్ల మీద చెయ్యి ఆడుతుంటే పుట్టిందని వాయించినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది.

తాళం సంగతి చూడండి. తొడ మీద తాళం వేసుకుంటూ వింటే, చాలా చోట్ల మన దెబ్బ పడేలోపే స్వరం వచ్చేసి ఉంటుంది. ఆ ముందుపాటు వల్లే పాట పరిగెడుతున్నట్టు ఉంటుంది. నిజానికి టెంపో అంత ఎక్కువేమీ కాదు, నిమిషానికి 95 దెబ్బల దరిదాపుల్లో. బాలే నేర్చుకున్న ఒళ్లు కదా, అడుగు ఎక్కడ ఎత్తాలో తెలుసు అనిపిస్తుంది నాకు. ఇది నా ఊహే అనుకోండి.

అన్నిటికంటే నాకు నచ్చేది పియానో పాటలో ఎక్కడ ఉందనేది. మామూలు పాప్ పాటలో పియానో కార్డ్స్ (కలిపి నొక్కే స్వరాలు) పట్టుకుని వెనక నిలబడుతుంది. ఇక్కడ చరణంలో ఆవిడ ఒక వాక్యం పాడి ఆగుతుంది, ఆ ఖాళీలోకి బిట్ వచ్చి జవాబు చెప్తుంది, మళ్లీ ఆవిడ పాడుతుంది. కచేరీలో గాత్రానికీ వయొలిన్‌కీ మధ్య జరిగేది అదే. పాడే మనిషీ జవాబిచ్చే మనిషీ ఒకరే అయినప్పుడు ఆ అల్లిక ఎంత గట్టిగా ఉంటుందో వినండి. పద్దెనిమిదేళ్ల వయసులో ఇది కుదిరిందంటే గాలివాటం అనలేం.

డల్లాస్ తెలుగోడు:

మాస్టారూ, మీరు రాసింది చదివి ఇప్పుడే కీబోర్డ్‌లో ట్రాన్స్‌పోజ్ తీసేసి చూశాను. నిజమే సార్, చెయ్యి సులువుగా తిరుగుతోంది.

నేను అమెరికా వైపు నుంచి ఒకటి చెప్తాను. ఇక్కడ ఆ పాట ఆవిడ చేతుల్లోంచి ఎప్పుడో జారిపోయింది. 2004లో ‘వైట్ చిక్స్’ సినిమా వచ్చింది. అందులో కండలు తిరిగిన టెర్రీ క్రూస్ కారులో కూర్చుని ఈ పాట పాడే సీను ఉంటుంది. జనం పడీ పడీ నవ్వారు. ఆ సీను వల్ల పాట బతికింది, కొత్త కొత్త తరాలకి చేరింది, కాదనను. కానీ అప్పటినుంచీ పాట పేరెత్తగానే ముందు నవ్వు వస్తుంది. ఇక్కడి మా ఆఫీసులో ఎవరి ఫోన్‌లోనైనా ఆ బిట్ మోగితే చాలు, నలుగురు ఆ సీను నటించి చూపిస్తారు. ఆ పాట వెనక తర్వాతి ఆల్బమ్‌లు కూడా ఉన్న ఒక పాటల రచయిత్రి ఉందని అక్కడ చెబితే ఎవరు వింటారు?

సరిగ్గా అదే ఏడాది నవంబర్‌లో ‘హార్మోనియం’ విడుదలైంది. కాలం ఎలా కలిసొచ్చిందో, అసలు కలిసొచ్చిందో లేదో చూడండి. థర్డ్ ఐ బ్లైండ్ బృందంలోని స్టీఫన్ జెన్‌కిన్స్ దాన్ని నిర్మించాడు. ‘వైట్ హౌసెస్’లో అకూస్టిక్ గిటారు వాయించింది ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బృందంలోని లిండ్సీ బకింగ్‌హామ్. అందులో ఒక అమ్మాయి తన మొదటి కలయిక గురించి చెప్పే మాటల దగ్గర ఎంటీవీ అభ్యంతరం పెట్టింది. అప్పట్లో ఎంటీవీ కాదంటే వీడియోకి దారి మూసుకుపోయినట్టే. తీరం గారు 86 అన్న అంకె వెనక ఇది కూడా ఉంది.

తీరం:

డల్లాస్ బ్రదర్, ప్రతి ఫెయిల్యూర్ వెనకా కంపెనీ, టీవీ, సినిమా ఏదో ఒకటి ఉంటుంది. అలా చూస్తే ఓడిన ప్రతివాళ్లూ అన్యాయమైపోయినవాళ్లే అవుతారు. ఆ అభ్యంతరం లేకపోతే ‘వైట్ హౌసెస్’ 40లోకి వచ్చేదేమో, సరే. తర్వాత? 2007లో ‘హీరోస్ అండ్ థీవ్స్’ ఇర్వ్ గాటి గారి ది ఇంక్ నుంచి వచ్చింది. ర్యాపర్ జా రూల్, గాయని అషాంతి ఉన్న కంపెనీ అది. లిండా పెర్రీ లాంటి నిర్మాత చేయి వేశారు, స్టీవీ నిక్స్ ఒక పాటలో గొంతు కలిపారు. ఇంతకంటే ఏం అండ కావాలి?

మాస్టారు గారి విశ్లేషణ చాలా బాగుంది, నేర్చుకున్నాను. అయితే అదంతా మళ్లీ ఆ ఒక్క పాట గురించే కదండీ! నా వాదనకే బలం ఇచ్చారు.

వెన్నెల దారి:

తీరం గారూ, ‘వైట్ హౌసెస్’ని అంకెగా మాట్లాడుతున్నారు, లోపల ఏముందో ఎవరూ చెప్పలేదు. నేను చెప్తాను.

ఒక వేసవి. కొందరు కుర్రకారు కలిసి ఒక అద్దె ఇంట్లో దిగుతారు. ఒక్కొక్కరి పేరూ, ఎవరు ఎలాంటివారో గబగబా చెప్పేస్తుంది. స్నేహాలు, అందులో చిన్న చిన్న అసూయలు, ఒకబ్బాయి, మొదటిసారి, తర్వాత ఆ అబ్బాయి చేయి జారిపోవడం, చివరికి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోవడం. నాలుగు నిమిషాల లోపు ఒక పెద్ద కథంత సంగతి ఉంది. ఎక్కడా ఏడుపు లేదు, “ఇలా చేసి ఉండాల్సింది కాదు” అనే పశ్చాత్తాపం లేదు, నీతి లేదు. జరిగింది జరిగినట్టు, తన ఒంటికి తెలిసింది తెలిసినట్టు చెప్పి, అందరినీ క్షమించేసి కారెక్కి వెళ్లిపోతుంది. 2004లో ఇరవై నాలుగేళ్ల అమ్మాయి పాప్ రేడియో కోసం రాసిన పాట ఇది. అదే మాట ఒక మగ గాయకుడు పాడితే ఎంటీవీకి అభ్యంతరం ఉండేదా అని అడగాలనిపిస్తుంది.

తిరుపతి హాస్టల్‌లో ఉన్న రోజుల్లో మా రూమ్మేట్ సీడీ కాపీ చేసి ఇచ్చింది. అర్ధరాత్రి ఒక ఇయర్‌ఫోన్ తనకి, ఒకటి నాకు. మాకు అమెరికా తెలీదు, ఆ తెల్ల ఇళ్లూ తెలీదు. అయినా సెలవులకి ఇళ్లకి వెళ్లే ముందు రూము ఖాళీ చేసేటప్పుడు ఒకరి ముఖం ఒకరం చూడలేకపోవడం మాకు బాగా తెలుసు. ఆ ఒక్క భావం కోసం ఆవిడ ఎంత జాగ్రత్తగా చిన్న చిన్న వివరాలు పేర్చిందో అప్పుడే అర్థమైంది. ‘ఎ థౌజండ్ మైల్స్’లో ఒక్క వివరం కూడా అలా గుర్తుండదు. ఊరూ, జనం, ఆకాశం, అన్నీ ఎవరికైనా సరిపోయేవే. రెండేళ్లలో రాతలో ఇంత తేడా వచ్చింది. నల్లమెట్టు గారు ఎదిగింది అన్నది ఇదే అనుకుంటాను.

నల్లమెట్టు:

వెన్నెల దారి గారూ, నేను చెప్పాలనుకున్నది నాకంటే బాగా చెప్పారు.

తీరం గారి అసలు ప్రశ్నకి వస్తాను: అంత అండ ఉండి కూడా ఎందుకు నిలబడలేదు? నా దృష్టిలో హిట్ ఎప్పుడు వచ్చిందన్నది చాలా పెద్ద విషయం. మీరే కరోల్ కింగ్ పేరు తెచ్చారు కాబట్టి అక్కడే చూద్దాం. ఆవిడ మొదటి సోలో ఆల్బమ్ ‘రైటర్’ 1970లో వస్తే పెద్దగా ఎవరూ కొనలేదు. మరుసటి ఏడాది ‘టాపెస్ట్రీ’ వచ్చి చరిత్ర అయింది. అప్పుడు జనం వెనక్కి వెళ్లి ‘రైటర్’ వెతుక్కుని విన్నారు. అంతకుముందు పదేళ్లు వేరేవాళ్ల కోసం రాసిన పాటలు కూడా ఈవిడవా అని ఆశ్చర్యపోయారు. హిట్ తర్వాత వస్తే దాని వెలుగు వెనక్కి పడుతుంది. హిట్ మొదటే వస్తే ముందుకి చూసేవాళ్లు తక్కువ, ప్రతి కొత్త పాటనీ దానితోనే కొలుస్తారు. ఇరవై ఒక్కేళ్లకి కార్ల్‌టన్‌కి జరిగింది అదీ. కంపెనీని తిట్టడం నా ఉద్దేశం కాదు, వినేవాళ్లం కూడా అదే చేశాం.

ఇక ‘ది ఇంక్’ని అండ అంటే ఒప్పుకోను. హిప్‌హాప్, ఆర్ అండ్ బి అమ్మే కంపెనీకి పియానో పాటల అమ్మాయిని ఏ అరలో పెట్టాలో ఎలా తెలుస్తుంది? ఆ ఆల్బమ్‌లో ‘నోలిటా ఫెయిరీటేల్’ ఎంత హాయైన పాట! ఎవరికి చేర్చాలో ఎవరికీ తెలిసినట్టు లేదు.

అసలు మలుపు 2011లో వచ్చిన ఆల్బమ్. పెద్ద కంపెనీలన్నీ అయిపోయాక ఆవిడ ఇంగ్లండ్ వెళ్లింది. బాత్ ఊరి దగ్గర బాక్స్ అనే పల్లెలో గాయకుడు పీటర్ గాబ్రియేల్ కట్టుకున్న రియల్ వరల్డ్ స్టూడియోలో, స్టీవ్ ఆజ్‌బోర్న్ నిర్మాతగా, టేపు మీద రికార్డు చేసుకుంది. స్టీఫెన్ హాకింగ్ కాలం గురించి రాసిన పుస్తకం, రిచర్డ్ ఆడమ్స్ కుందేళ్ల నవల ‘వాటర్‌షిప్ డౌన్’ ఆ పాటల వెనక ఉన్నాయి. ఆల్బమ్ పేరు ‘రాబిట్స్ ఆన్ ద రన్’ అందుకే. పది పాటలు, అంతే. అందులో మొదటిది ‘కరోసెల్’ వినండి. తిరిగి తిరిగి మొదటికి వచ్చే వరస, వెనక గొంతులు ఒక్కొక్కటిగా చేరతాయి, పోయింది మళ్లీ వస్తుందని ధైర్యం చెప్పే పాట. పియానో ఎక్కడా ‘నన్ను చూడండి’ అనదు. ‘ఐ డోన్ట్ వాంట్ టు బి ఎ బ్రైడ్’లో ప్రేమ కావాలి, పెళ్లి తంతు వద్దు అని ఎంత సౌమ్యంగా చెప్తుందో! ఇలాంటి పాట 2002 కార్ల్‌టన్ రాయగలిగేది కాదు.

తీరం:

‘కరోసెల్’, ‘వైట్ హౌసెస్’ రెండూ విన్నాను. మీరు చెప్పారని ‘లిబర్‌మన్’లోంచి ‘ఆపరేటర్’, ‘విల్లోస్’ కూడా విన్నాను.

‘వైట్ హౌసెస్’ మంచి పాట. కథ చెప్పే తీరు బాగుంది, వెన్నెల దారి గారితో పేచీ లేదు. ‘కరోసెల్’ ముద్దుగా ఉంది. ‘లిబర్‌మన్’ దగ్గర మాత్రం నా అభ్యంతరం ఇంకా గట్టిపడింది. గొంతంతా రివర్బ్‌లో (ప్రతిధ్వనిలో) ముంచేశారు. మాటలు అర్థం కావు, పియానో పొగలోంచి వినిపిస్తుంది. గొంతులో బరువు లేదన్నాను కదా, ఆ లోటు కప్పడానికి వేసిన దుప్పటిలా ఉంది నాకు. పాటల రచయితగా గొప్ప అంటున్నప్పుడు మాట స్పష్టంగా వినిపించాలి కదా?

కీబోర్డ్ మాస్టారు:

ఈ ఒక్క విషయంలో తీరం గారితో సగం కలుస్తాను. ‘లిబర్‌మన్’లో కొన్ని చోట్ల రివర్బ్ తగ్గించి ఉంటే బాగుండేది. కానీ లోటు కప్పడానికి అన్నది నేను ఒప్పుకోను. మొదటి ఆల్బమ్‌లో గొంతునీ పియానోనీ ముందుకి తోసి, చుట్టూ పెద్ద ఆర్కెస్ట్రా పెట్టారు. ప్రతి వాద్యమూ పోటీ పడుతుంది, గొంతు ఎత్తక తప్పదు. ‘లిబర్‌మన్’లో ఆవిడ గొంతు ఎత్తడం మానేసింది. పక్కన కూర్చుని చెప్తున్నట్టు, దాదాపు ఊపిరితో పాడుతుంది. అది ఆ గొంతుకి సహజమైన చోటు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ‘ఆపరేటర్’ మళ్లీ వినండి, ఫోన్ స్పీకర్‌లో అది నిలవదు. పియానో ఎడమ చెయ్యి కింద స్వరాల్ని వదలకుండా పట్టుకుని ఉంటుంది, కుడి చెయ్యి చాలా తక్కువ వాయిస్తుంది. చేతినిండా విద్య ఉన్న మనిషి ఇంత తక్కువ వాయించడానికి నమ్మకం కావాలి. మా విద్యార్థులకి నేర్పడానికి అన్నిటికంటే కష్టమైంది అదే.

డల్లాస్ తెలుగోడు:

‘లిబర్‌మన్’ ఆమె తాతగారి అసలు ఇంటిపేరు, ఆయన వేసిన ఒక పెయింటింగ్ కూడా ఆ పాటలకి ప్రేరణ. ఆ పొగమంచులాంటి శబ్దం నాకైతే ఆ బొమ్మ రంగుల్లోంచే వచ్చిందనిపిస్తుంది.

ఆ ఆల్బమ్ తర్వాతి టూర్‌లో నేను ఆవిడని చూశాను. చిన్న హాలు, నిలబడి వినేవాళ్లే ఎక్కువ. స్టేజీ మీద ఆవిడ, పియానో, పక్కన ఒక వయొలిన్ కళాకారుడు. డ్రమ్స్ లేవు, స్ట్రింగ్స్ బృందం లేదు. కొత్త పాటలన్నీ పాడి, మధ్యలో ఆ పాట మొదలుపెట్టింది. జనం కేకలు. నేను చూస్తున్నది మాత్రం చేతుల వైపే. అంత పెద్ద ఆర్కెస్ట్రా వాయించిందంతా ఆ రెండు చేతుల్లోనే ఉంది, ఆ బృందం లేదనే లోటే తెలియలేదు. ఆ పాట అయ్యాక కొంతమంది బయటికి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం ఇంకా దగ్గరికి జరిగాం. తర్వాత పాడిన ‘హౌస్ ఆఫ్ సెవెన్ స్వోర్డ్స్’ ఆ రాత్రి అన్నిటికంటే బాగుంది. తన పాపకి చెప్పే మాటల్లా ఉంటుంది నాకు ఆ పాట.

వెళ్లిపోయినవాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లు కొనుక్కున్న టికెట్టు అది. కానీ తక్కువ గుర్తింపు అంటే ఏమిటో నాకు కళ్లారా కనిపించింది.

రేడియో రోజులు:

కరోల్ కింగ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి: 2019లో న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్‌వేలో, ‘బ్యూటిఫుల్’ అనే కరోల్ కింగ్ మ్యూజికల్‌లో (పాటల నాటకంలో) కరోల్ కింగ్ పాత్ర వేసింది కార్ల్‌టనే. బ్రాడ్‌వేలో ఆవిడకి అదే మొదటిసారి. వరసగా అన్ని షోల్లో ఆ పియానో ముందు కూర్చుని ఆ పాటలు మోయాలంటే గొంతులో బరువు లేనివాళ్లని తీసుకోరు కదా, తీరం గారూ.

ఆ తర్వాతి ఏడాది ‘లవ్ ఈజ్ యాన్ ఆర్ట్’ వచ్చింది, డేవ్ ఫ్రిడ్‌మన్ నిర్మాతగా. ఫ్లేమింగ్ లిప్స్, మెర్క్యురీ రెవ్ అనే రాక్ బృందాల ఆల్బమ్‌లు చేసిన మనిషి. విడుదలైంది 2020 మార్చి ఆఖరి వారంలో, సరిగ్గా మన దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్లిన వారం. ప్రపంచంలో ఎవరూ కొత్త ఆల్బమ్ గురించి ఆలోచించే స్థితిలో లేరు. ‘ఫ్యూచర్ పెయిన్’ అందులో నాకు ఇష్టమైనది. ఎవరైనా విన్నారా?

వెన్నెల దారి:

విన్నాను. లాక్‌డౌన్‌లోనే. అందరికీ చెప్పాలనిపించే ఆల్బమ్ కాదది, ఒక్కరే ఉన్నప్పుడు వినేది. ‘కంపానియన్ స్టార్’ కూడా వినండి రేడియో రోజులు గారూ.

తీరం:

చర్చ బాగా జరిగింది. నా మాట చెప్పేస్తాను.

పాటల రచయితగా ఆవిడ పని చాలా ఉంది, అందులో మంచిదీ ఉంది. అయితే తక్కువ గుర్తింపు అనాలంటే నాకు ఇంకో మెట్టు కావాలి. ఆ పని లేకపోతే పాప్ సంగీతంలో ఒక ఖాళీ ఉండేది అనిపించాలి. ఫియోనా ఆపిల్ విషయంలో అలా అనిపిస్తుంది, రెజీనా స్పెక్టర్ విషయంలో అనిపిస్తుంది. కార్ల్‌టన్ విషయంలో ‘వైట్ హౌసెస్’ ఒక్కదానికే అనిపించింది. జాబితాలో పేరు ఉంచుతాను, పక్కన ఆ పాట పేరు కూడా రాస్తాను. ‘హార్మోనియం’ మొత్తం ఇంకా వినలేదు. ఏ వరసలో వినాలి?

నల్లమెట్టు:

వరస మార్చకండి తీరం గారూ, ఆవిడ పేర్చిన వరసలోనే వినండి. ‘వైట్ హౌసెస్’తో వెలుతురులో మొదలై పాటపాటకీ చీకటి పడుతూ వెళ్తుంది. ‘ఆఫ్టర్‌గ్లో’ దాకా మామూలుగానే ఉంటుంది. ‘హాఫ్ ఎ వీక్ బిఫోర్ ద వింటర్’ దగ్గర పియానో తీరు మారుతుంది, అక్కడ కొంచెం నిదానించండి. మీరడిగిన ఆ ఖాళీ నాకు కనిపించేది చివరి పాట ‘షీ ఫ్లోట్స్’లో. అది విన్నాక కూడా మీ జాబితాలో మార్పు లేకపోతే నాకు అభ్యంతరం లేదు, కానీ ఆ పాట గురించి ఇక్కడే నాలుగు వాక్యాలు రాయండి. మాస్టారూ, మీరు కూడా. అందులో ఎడమ చెయ్యి చేసే పని గురించి మీ నోటి నుంచి వినాలనుంది.

కీబోర్డ్ మాస్టారు:

తప్పకుండా. ఆదివారం క్లాసు లేదు, పియానో దగ్గర కూర్చుని వాయించి చూసి రాస్తాను.